ఐసు ముక్కలు వద్దమ్మా, గిన్నె మార్చండి

ప్రశ్న: నమస్తే నాయనా. మాది కర్నూలు. లెక్కల టీచర్‌గా చేసి రిటైరయ్యాను. సెకండియర్ క్లాసులు ఎండాకాలంలోనే మొదలుపెడుతున్నారని మా మనవడు హాస్టల్‌కి పోతూ తన ఫైటర్ చేపను నాకు అప్పజెప్పాడు. మూడు లీటర్లు పట్టే గుండ్రటి గాజు గిన్నెలో ఉంటుంది. మాది పై అంతస్తు. మధ్యాహ్నానికి ఇల్లు పెనంలా కాలుతుంది. మొన్న మూడు గంటలకు వాడు కొనిపెట్టిన థర్మామీటర్‌లో 34 చూసి భయపడి నాలుగు ఐసు ముక్కలు వేశాను. చేప అడుగుకు పోయి పక్కకు వాలిపోయింది. సాయంత్రానికి లేచింది గానీ రెండు రోజులు మేత ముట్టలేదు. ఇప్పుడు తింటోంది. అప్పటి నుంచి రాత్రిళ్లు ఏసీ గదిలో పెట్టి, పొద్దున హాల్లోకి తెస్తున్నాను. చలికాలానికి హీటరు కూడా కొనాలని షాపులో అంటున్నారు. మన ఊళ్లో హీటరా? పిల్లవాడు ఆదివారం ఆదివారం ఫోన్ చేసి "అవ్వా, నా చేప ఎట్లుంది?" అంటాడు. ఐసు సంగతి వాడికి ఇంకా చెప్పలేదు.

జవాబు:

అమ్మా, నమస్కారం.

చేప మళ్లీ మేత తింటోందని రాశారు. అది మంచి గుర్తు. ఆ దెబ్బను తట్టుకుని బయటపడింది. కాబట్టి జరిగినదాని గురించి టెన్షన్ పడకండి, ఇకపై ఏం చేయాలో చూద్దాం.

మీరు లెక్కల టీచర్ కాబట్టి లెక్కతోనే మొదలుపెడతాను. ఒక గ్రాము ఐసు కరగడానికి 80 కేలరీల వేడి కావాలి. ఒక గ్రాము నీరు ఒక డిగ్రీ చల్లబడితే ఒక కేలరీ వదులుతుంది. నాలుగు ముక్కలు కలిపి 100 గ్రాములు అనుకోండి. మీ మూడు లీటర్ల గిన్నెలో అవి పూర్తిగా కరిగితే నీరు 34 నుంచి దాదాపు 30కి దిగుతుంది. అదీ నాలుగైదు నిమిషాల్లో. ముక్కల చుట్టుపక్కల నీరు ఇంకా చల్లగా ఉంటుంది, చేప దాని మధ్యనే తిరుగుతుంటుంది. అవే నాలుగు ముక్కలు 20 లీటర్ల తొట్టిలో వేస్తే తగ్గేది అర డిగ్రీకి కాస్త ఎక్కువ, అంతే. ఐసు అదే, చేప అదే. మారింది నీళ్ల కొలత ఒక్కటే. మీ ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

మన ఒళ్లు బయట 44 డిగ్రీలున్నా లోపల 37 దగ్గరే నిలబడుతుంది. చేపకు ఆ ఏర్పాటు లేదు. నీరు ఎంత వేడైతే దాని ఒళ్లూ అంతే. నీరు నాలుగు డిగ్రీలు దిగితే దాని గుండె, జీర్ణం, ఊపిరి అన్నీ ఒక్కసారిగా మందగిస్తాయి. పక్కకు వాలిపోయింది అందుకే. రెండు రోజులు మేత ముట్టకపోవడమూ అందుకే. ఇలాంటి కుదుపులు మళ్లీ మళ్లీ తగిలితే రోగాన్ని అడ్డుకునే శక్తి తగ్గుతుంది. ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు రావడం, రెక్కల అంచులు కుళ్లడం ఆ తర్వాత మొదలవుతాయి. ఇంకో వారం పది రోజులు రోజూ పొద్దున ఆ రెండూ ఉన్నాయేమో చూడండి.

ఇప్పుడు మీ ఏసీ గది విషయం. అది మీరు ఇంకా ఎక్కువ ప్రేమతో చేస్తున్న పని, కానీ ఐసు కన్నా దాని గురించే నాకు ఎక్కువ భయం. ఐసు ఒక్కరోజు పడింది. ఏసీ రోజూ పడుతోంది. రాత్రి గది 24లో ఉంటే తెల్లారేసరికి మూడు లీటర్ల గిన్నె కూడా 24, 25కి వచ్చేస్తుంది. పగలు హాల్లో మళ్లీ 34. రోజుకు తొమ్మిది పది డిగ్రీలు ఎక్కి దిగుతోంది. ఈ రోజు రాత్రి నుంచి దాన్ని కదపకండి. హాల్లో ఉంటే పగలూ రాత్రీ హాల్లోనే ఉండనివ్వండి.

"మరి 34లో ఉడికిపోదా?" అని మీరు అడుగుతారు. అడగాలి కూడా. ఫైటర్ చేపకు హాయిగా ఉండేది 24 నుంచి 28 లోపు. 25, 26, 27 అయితే మరీ మంచిది. ఇది థాయ్‌లాండ్ మధ్య మైదానాల చేప. చావో ఫ్రాయా నది చుట్టుపక్కల వరి మళ్లలో, కాలువల్లో, కదలని లోతు తక్కువ నీళ్లలో పుట్టి పెరిగే జాతి. అక్కడివాళ్లు దీన్ని ప్లా కట్ అంటారు, కరిచే చేప అని అర్థం. 2019లో దాన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించుకున్నారు. ఆ మళ్లలో కూడా మిట్టమధ్యాహ్నం పై నీరు బాగా కాగుతుంది. కానీ అక్కడ చేపకు దారి ఉంది. పైరు నీడకు పోతుంది, అడుగున బురద దగ్గరకు పోతుంది, కాలువలోకి జారుకుంటుంది. గిన్నెలో ఎటు తిరిగినా అదే వేడి.

దీనికి తల లోపల లాబిరింత్ అనే అవయవం ఉంటుంది. పైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకోగలదు. ఈ ఒక్క మాట పట్టుకుని "ఫైటర్ చేప చిన్న గిన్నెలో కూడా బతుకుతుంది" అని అమ్మేస్తుంటారు. గాలి పీల్చుకోగలదు, నిజమే. వేడిని మాత్రం ఆపుకోలేదు. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. మిగిలిపోయిన మేత త్వరగా కుళ్లుతుంది. ఆ కుళ్లులోంచి వచ్చే అమ్మోనియా నీరు వేడెక్కేకొద్దీ మరింత విషమవుతుంది. ఇవన్నీ చిన్న గిన్నెలో ఒకేసారి మీద పడతాయి.

కాబట్టి మొదటి ఖర్చు తొట్టి. 20 లీటర్ల దీర్ఘచతురస్రపు గాజు తొట్టి కొనండి. 30 లీటర్లదైతే ఇంకా మంచిది. గుండ్రటి గిన్నెను పక్కన పెట్టేయండి, పిల్లవాడు అలిగినా సరే. అడుగున కాస్త ఇసుకో గులకరాళ్లో, రెండు నీటి మొక్కలో వేయండి. స్పాంజ్ ఫిల్టర్ (గాలి పంపుతో నడిచే, నీటిని వడకట్టే స్పాంజి) పెట్టి గాలి చాలా మెల్లగా వదలండి. దాని రెక్కలు పొడుగు, నీటి ఒరవడి పడదు. కొత్త తొట్టిలో మలినాలను తినే మంచి బ్యాక్టీరియా పెరగడానికి కొన్ని వారాలు పడుతుంది. అందాకా రెండు రోజులకోసారి నాలుగో వంతు నీళ్లు మార్చండి. చేపను మార్చేటప్పుడు పాత నీళ్లతో సహా ఒక కవర్లోకి తీసుకుని, ఆ కవరును కొత్త తొట్టిలో ఇరవై నిమిషాలు తేలనివ్వండి. తర్వాత కొత్త నీళ్లు చిన్న గ్లాసుతో కొద్దికొద్దిగా కవర్లో కలుపుతూ పోయి, అప్పుడు వదలండి.

తొట్టి ఎక్కడ పెడతారన్నది కూడా తొట్టంత ముఖ్యం. పడమటి గోడ వద్దు. సాయంత్రం దాకా ఎండ మింగి రాత్రంతా వేడి కక్కుతుంది. కిటికీ పక్కన, ఫ్రిజ్ మీద, టీవీ పక్కన వద్దు. మా కడపలో చాలా ఇళ్లలో గోడల అల్మారాలకు కడప బండలే వేస్తారు, మీ దగ్గరా ఉంటాయి. ఉత్తరం వైపు గోడలో, కింది అరలో అలాంటి బండ మీద చోటు దొరికితే అదే పెట్టండి. నేలకు దగ్గరగా ఉన్న అర, పైకప్పుకు దగ్గరగా ఉన్న అర కన్నా ఎప్పుడూ చల్లగా ఉంటుంది. 20 లీటర్ల తొట్టి నీళ్లతో కలిపి పాతిక కిలోలు తూగుతుంది, బండ గట్టిగా ఉందో లేదో ముందు చూసుకోండి. తొట్టి కింద ఒక థర్మోకోల్ షీటు, వెనక ఒకటి, పక్కలకు రెండు పెట్టండి. ముందు వైపు మాత్రం వదిలేయండి, మీరు చూడాలి కదా. థర్మోకోల్ నీటిని చల్లబరచదు. వేడెక్కడాన్నీ చల్లబడడాన్నీ నెమ్మది చేస్తుంది. మనకు కావాల్సింది అదే.

చల్లబరిచే పని ఫ్యానుకు అప్పజెప్పండి. మట్టి కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో మీరు ఎన్ని తరగతులకు చెప్పుంటారో. కుండ చెమర్చి, ఆ తడి ఆవిరై, వేడిని పట్టుకుపోతుంది. కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేదీ ఆ కారణానికే. మన రాయలసీమ ఎండలో గాలి పొడిగా ఉంటుంది, అందుకే ఇక్కడ కుండ బాగా పని చేస్తుంది. సముద్రం పక్క ఊళ్లలో ఉక్కపోతకు ఇంతగా పని చేయదు. ఒక చిన్న టేబుల్ ఫ్యాను తొట్టి నీటి మీద ఏటవాలుగా, తక్కువ స్పీడులో తగిలేలా పెట్టండి. నీటి మీద సన్నటి అలలు కదిలితే చాలు. సాధారణంగా రెండు నుంచి నాలుగు డిగ్రీల దాకా తగ్గుతుంది, అదీ గంటల మీద, చేపకు తెలియనంత నెమ్మదిగా.

ఫ్యాను రోజంతా వేయొద్దు. గది వేడెక్కే పది గంటలప్పుడు వేసి, వేడి తగ్గే రాత్రి ఎనిమిదికి ఆపండి. రాత్రి గదే చల్లబడుతుంది, అప్పుడు కూడా ఫ్యాను తిరిగితే నీరు ఇంకా దిగిపోతుంది. పగటి ఎత్తును కోయడమే మన పని, రాత్రి పల్లాన్ని ఇంకా తవ్వడం కాదు.

దీనికి రెండు జాగ్రత్తలున్నాయి. గాజు మూత ఉంటే ఆవిరి పోదు, కాబట్టి మూత తీసేయాలి. తీస్తే చేప దూకుతుంది. ఇవి బాగా దూకుతాయమ్మా. కిటికీలకు కొట్టే దోమల మెష్ ముక్క ఒకటి తొట్టి మీద బిగించండి, గాలి ఆడుతుంది, చేప దూకదు. రెండోది, నీటి మట్టం రోజూ కళ్లకు కనిపించేంత తగ్గుతుంది. ఆవిరయ్యేది నీరే, అందులోని ఉప్పులు తొట్టిలోనే మిగులుతాయి. తగ్గినంత వరకు వాటర్ ప్లాంట్ క్యాన్ నీళ్లు పోయండి. నీళ్లు మార్చేటప్పుడు మాత్రం పూర్తిగా క్యాన్ నీళ్లు వాడొద్దు, వాటిలో చేపకు కావాల్సినన్ని ఖనిజాలు ఉండవు.

నీళ్లు మార్చడం దగ్గర చాలామంది తెలియక దెబ్బతింటారు. మిద్దె మీది నల్ల ట్యాంకులో మే నెల మధ్యాహ్నం నీళ్లు చేతికి చురుక్కుమంటాయి. ఆ నీళ్లు బకెట్‌లో పట్టి నేరుగా పోస్తే ఐసు వేసినదానికి తిరగేసిన తప్పు జరుగుతుంది. తెల్లవారుజామున కొళాయి నీళ్లు ఒక వెడల్పాటి ప్లాస్టిక్ బకెట్‌లో పట్టి, తొట్టి పక్కనే ఒక రోజంతా ఉంచండి. క్లోరిన్ చాలావరకు ఎగిరిపోతుంది, నీటి వేడీ తొట్టి వేడీ దగ్గరవుతాయి. ఆగే వీలు లేనప్పుడు యాంటీ క్లోరిన్ చుక్కలు వాడండి. పోసే ముందు థర్మామీటర్ రెండింట్లోనూ ముంచి చూడండి. తేడా ఒక డిగ్రీ లోపుంటేనే పోయాలి. ఫ్యాను తిరిగే వేళ తొట్టి నీళ్లు బకెట్ నీళ్ల కన్నా చల్లగా ఉంటాయి కాబట్టి ఈ పని ఫ్యాను వేయకముందు, పొద్దున్నే చేయడం మంచిది.

ఇవన్నీ చేసినా రోహిణి కార్తెలో కొన్ని రోజులు గీత దాటుతుంది. రోళ్లు పగిలే ఎండలని ఊరికే అనలేదు. ఆ రోజు నీరు 32 దాటితే ఐసు ముక్కలు కాదు, 200 మిల్లీలీటర్ల చిన్న నీళ్ల సీసాను ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, పైన కడిగి, మూత బిగించి తొట్టిలో తేలనివ్వండి. 20 లీటర్ల నీటిలో అది పూర్తిగా కరిగితే ఒక డిగ్రీ తగ్గుతుంది. గంటకు ఒక్క సీసా కన్నా ఎక్కువ వద్దు. అర లీటరు సీసా వేస్తే రెండున్నర డిగ్రీలకు పైగా పడిపోతుంది, అందుకే చిన్న సీసా అంటున్నాను. మూడు లీటర్ల గిన్నెలో మాత్రం ఏ సీసా వేయకండి.

ఇక మీరు ఏ అంకె కోసం చూడాలి? ఎండాకాలంలో 26 కోసం పాకులాడకండి, ఏసీ లేని హాల్లో అది కుదరదు. కుదిరించబోయి మళ్లీ కుదుపు పెడతారు. ఏప్రిల్, మే నెలల్లో 29, 30 దగ్గర నిలిచినా చాలు. అందులో చేప ఆరోగ్యంగానే ఉంటుంది. పొద్దుటికీ మధ్యాహ్నానికీ తేడా రెండు డిగ్రీల లోపు ఉంటే నేను ఇక్కడ కడపలో హాయిగా నిద్రపోతాను. పొద్దున 25, మధ్యాహ్నం 34 అంటే మాత్రం నిద్ర పట్టదు. సగటు తీస్తే రెండూ ఒకటేలా కనిపిస్తాయి, చేపకు మాత్రం ఒకటి కాదు.

మేత గురించి ఒక్క మాట. పూటకు రెండు మూడు గింజలు, రోజుకు రెండు పూటలు. ఎండ మండే వేళ కాకుండా పొద్దున ఏడింటికి, సాయంత్రం ఏడింటికి వేయండి. ఐదు నిమిషాల్లో తినని గింజను తీసేయండి. నాటు బాదం చెట్టు కింద రాలి ఎండిన గోధుమరంగు ఆకు ఒకటి కడిగి తొట్టిలో వేస్తే నీరు లేత టీ రంగుకు వస్తుంది. థాయ్‌లాండ్‌లో ఈ చేపను పెంచేవాళ్లు ఇలాగే చేస్తారు. దాని నీడలో చేప దాక్కుంటుంది కూడా. మందులు కొట్టిన చెట్టు ఆకు కాకుండా చూసుకోండి.

హీటరు సంగతికి వస్తే, షాపువాళ్లు చెప్పింది అబద్ధం కాదు. ఇప్పుడు మాత్రం కొనకండి. మన ఊళ్లకు చలి లేదని మనమే అనుకుంటాం, ధనుర్మాసం రాత్రులు మరిచిపోతాం. డిసెంబరు, జనవరిల్లో తెల్లవారుజామున బయట 17, 18కి దిగుతుంది. ఇంట్లో తొట్టి నీరు 21, 22కి వస్తుంది. ఫైటర్ చేప చావదు గానీ మూల ముడుచుకుని కూర్చుంటుంది, తినదు, తిన్నది అరగక పొట్ట ఉబ్బుతుంది.

నేను అనంతపురంలో ఉద్యోగం చేసే రోజుల్లో నీలం రంగు చేప ఒకటి ఉండేది. డిసెంబరులో అది కదలడం మానేస్తే ఒక షాపులో తక్కువ ధరకు దొరికిన హీటరు తెచ్చి పెట్టాను. అందులో థర్మోస్టాట్ లేదు. వేడి ఎక్కినా దానంతట అది ఆగదు. ఆ సంగతి షాపులో చెప్పలేదు, నాకు అడగాలని తెలియలేదు. రాత్రి పెట్టి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే థర్మామీటర్‌లో 37. చేప పైన తేలుతోంది. ఇన్నేళ్లయినా ఆ పొద్దు నాకు గుర్తే. అప్పటి నుంచి ఎవరు హీటరు అన్నా నేను మొదట అడిగేది థర్మోస్టాట్ ఉందా అని.

కొనేటప్పుడు లీటరుకు ఒక వాట్ లెక్క పెట్టుకోండి. 20 లీటర్లకు 25 వాట్లది చాలు. అది దొరక్కపోతే 50 వాట్లది. అంతకన్నా పెద్దది వద్దు. పొరపాటున థర్మోస్టాట్ చెడి ఆగకుండా వెలిగినా, చిన్న హీటరైతే నీరు నెమ్మదిగా కాగుతుంది, మీరు చూసుకునే సమయం ఉంటుంది. 26 దగ్గర పెట్టండి. హీటరు మీది అంకెను నమ్మకండి, తొట్టికి అవతలి చివర విడిగా ఉన్న థర్మామీటర్‌ను నమ్మండి. గాజుకు బయట అంటించే స్టిక్కర్ థర్మామీటర్ గది వేడిని కూడా కలిపి చూపిస్తుంది, నీటిలో ముంచేదే వాడండి. నీళ్లు మార్చే ముందు ప్లగ్గు తీయాలి. మార్చాక పావుగంట ఆగి మళ్లీ పెట్టాలి. గాజు గొట్టం వేడి మీద నీటి బయట ఉంటే పగులుతుంది. వైరు ప్లగ్గు కన్నా కిందికి ఒక వంపు వేలాడేలా వదిలితే, వైరు వెంట జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది, ప్లగ్గులోకి పోదు. కరెంటు పోయినా కంగారు వద్దు. 20 లీటర్ల నీరు, చుట్టూ థర్మోకోల్, పైన ఒక దుప్పటి ఉంటే గంటా రెండు గంటల్లో పెద్దగా దిగదు. దుప్పటి పక్కన గాలి ఆడే సందు మాత్రం ఉంచండి, అది పైకి వచ్చి ఊపిరి తీసుకోవాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే 25 వాట్లు దానికి బరువే కాదు.

కొందరు హీటరు బదులు బల్బు వేలాడదీస్తారు. పగలు వెలిగించి రాత్రి ఆర్పుతారు. చలి వేసే వేళకు వేడి లేకుండా పోతుంది. అది వద్దు.

తొట్టి వచ్చేలోపు ఈ వారం ఒక పని చేయండి. గిన్నెను హాల్లో కింది అరలోకి మార్చి, చుట్టూ తడి గుడ్డ చుట్టండి. ఆరినప్పుడల్లా తడపండి. ఒక నోటుబుక్కు తీసి పొద్దున 6కి, మధ్యాహ్నం 3కి, రాత్రి 10కి నీటి డిగ్రీలు రాయండి. పక్కన చేప తిన్నదా లేదా ఒక్క మాట రాయండి. తొట్టి వచ్చాక ఒక వారం, ఫ్యాను పెట్టాక ఒక వారం అలాగే రాయండి. ఫ్యాను ఎన్ని గంటలు తిప్పాలో ఆ కాగితమే మీకు చెప్తుంది. మీ ఇంటి గోడలు, మీ ఇంటి గాలి గురించి నాకన్నా దానికే బాగా తెలుస్తుంది.

పిల్లవాడికి ఐసు సంగతి చెప్పండమ్మా. దాచితే మీ గొంతులోనే వాడికి తెలిసిపోతుంది. జరిగింది చెప్పి, నాలుగు ముక్కలకు మూడు లీటర్లలో ఎంత తగ్గింది, 20 లీటర్లయితే ఎంత తగ్గేది, ఆ లెక్క వాడి చేతే వేయించండి. ఆ తర్వాత ఆ వారం నోటుబుక్కు చదివి వినిపించండి. దసరా సెలవులకు వాడు ఇంటికి వస్తాడు కదా, హీటరు అప్పుడు ఇద్దరూ కలిసి షాపుకు పోయి తెచ్చుకోండి. మొదటి రెండు రోజులు వాడు ఇంట్లో ఉండగానే, పగటిపూట నడిపి చూసి, అంకె 26 దగ్గర ఆగుతోందని ఇద్దరికీ నమ్మకం కుదిరాకే రాత్రిళ్లు వదిలేయండి.